న్యాయం – మన గుణం, మన బాధ్యత
(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత గిరిజన చరిత్ర నుంచి ఒక పాఠం)



ఈ ప్రత్యేక సంచికకు మన చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం వారు అడిగారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. మేము రాయదలచుకున్నది ఒక చట్టం గురించి, ఒక ట్రంకు పెట్టె గురించి. ఆ రెండింటికీ ఉన్న సంబంధం మాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలిసిన రోజు మేము తలదించుకోవలసి వచ్చింది. అందుకే ముందు ఆ పెట్టె సంగతి చెబుతాము.

ట్రంకు పెట్టె

కొన్నేళ్ల క్రితం మేము వార్డెన్‌గా ఉన్న ఒక బాలికల హాస్టల్‌లో దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగి వచ్చిన వారంలో ఒక అమ్మాయి వెండి పట్టీలు పోయాయి. ఆ అమ్మాయి ఏడుస్తూ వచ్చి చెప్పింది. మేము గదిలోకి వెళ్లి నిలబడ్డాము. గదిలో ఇరవైకి పైగా పెట్టెలు ఉన్నాయి. ఎవరూ ఒక్క పేరు కూడా చెప్పలేదు. అయినా పిల్లలందరి చూపూ ఒకే మూలకు వెళ్లింది. మా చూపూ అక్కడికే వెళ్లింది. ఆ మూలన ఉన్నది ఎరుకల ఇంటి పిల్ల పెట్టె.

మేము ఆ పెట్టె తెరిపించాము. రెండు జతల యూనిఫాం, ఒక దువ్వెన, వాళ్ల అవ్వ కట్టి ఇచ్చిన బొరుగుల మూట, నోటు పుస్తకాలు. అంతే. పిల్ల ఏడవలేదు. ఒక్కొక్కటే మళ్లీ మడిచి లోపల పెట్టుకుంది. మిగిలిన పెట్టెలు తెరవాలన్న ఆలోచన ఆ పూట మాకు రాలేదు. రెండు రోజుల తర్వాత పట్టీల పిల్ల తండ్రి ఫోను చేశాడు. పట్టీలు ఇంట్లోనే గూట్లో ఉన్నాయట, పిల్ల మరిచిపోయి వచ్చిందట.

మేము "సరే, దొరికాయిలే" అనుకొని పనుల్లో పడిపోయాము. కానీ ఆ రోజు నుంచి ఎరుకల పిల్ల రోజూ రాత్రి హాజరు పట్టీ అయిపోగానే మా బల్ల దగ్గరికి వచ్చి తన పెట్టె తాళంచెవి పెట్టి వెళ్లేది. పొద్దున వచ్చి తీసుకునేది. ఎందుకమ్మా అంటే, "మీ కాడనే ఉండనీ మేడమ్" అనేది. అంతకు మించి ఒక్క మాట లేదు.

నెల తిరక్కుండా వాళ్ల అవ్వ చూడటానికి వచ్చింది. ఈతాకు బుట్టలు అమ్ముకుని బతికే మనిషి. విషయం విని మా మీద కోప్పడలేదు. "మా నాయన కూడా రాత్రిపూట పోయి పేరు చెప్పి వచ్చేవాడంట మేడమ్, మా అమ్మ చెప్తా ఉండె. ఇప్పుడు ఇది తాళంచెవి ఇచ్చి వస్తాంది," అంది. ఆ మాటతో మాకు అన్నం సహించలేదు. టీచర్ ట్రైనింగ్‌లో చరిత్ర చదివాము, పిల్లలకు చెప్పాము. కానీ ఆ 'పేరు చెప్పి రావడం' ఏమిటో మాకు సరిగా తెలియదు. ఆ తర్వాతే తెలుసుకున్నాము.

పుట్టుకను నేరం చేసిన చట్టం

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట అది ఉత్తర భారతదేశంలో అమలైంది. 1911లో చట్టాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. అప్పటి కర్నూలు జిల్లా, అంటే మన నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, ఆత్మకూరు అన్నీ ఆ ప్రెసిడెన్సీలోవే. 1924లో దాన్ని మరింత బిగించి మరో చట్టం చేశారు.

ఆ చట్టం వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడని వారు నమ్మారు. అందుకే నేరం చేసిన మనిషిని పట్టుకోవడం బదులు, ఒక కులాన్నో గుంపునో మొత్తంగా 'నేరస్థ జాతి' అని ప్రకటించే అధికారం ప్రభుత్వం తీసుకుంది. ప్రకటించాక ఆ జాతి వారి పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి. వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు అధికారి ముందు హాజరు కావాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా దొరికితే అదే నేరం, దానికి జైలు. ఏ దొంగతనమూ చేయని మనిషి కూడా పక్క ఊరి పెళ్లికి వెళ్లి నేరస్థుడయ్యేవాడు.

రెండు నిబంధనలు చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. మొదటిది, ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించడం తప్పని ఏ కోర్టులోనూ సవాలు చేయడానికి వీల్లేదు. న్యాయస్థానం తలుపునే చట్టం మూసేసింది. రెండోది, ఆరేళ్లు దాటిన పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారి వరకు తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచవచ్చు. తల్లిదండ్రుల 'చెడు' పిల్లలకు అంటకూడదని దాని ఉద్దేశం.

మేము హాస్టల్ వార్డెన్లం. మా దగ్గర ఉండేదీ ఆ వయసు పిల్లలే, తల్లిదండ్రులకు దూరంగానే. ఆనాటి పాఠశాలకూ మన హాస్టల్‌కూ తేడా ఎక్కడుంది? గోడల్లో లేదు, మంచాల్లో లేదు. పిల్ల మీద నమ్మకం ఉందా, అనుమానం ఉందా అన్నదే తేడా. ఆ రాత్రి మా బల్ల మీద తాళంచెవి పెట్టించుకున్నప్పుడు ఆ తేడాను మేమే చెరిపేశాము.

ఎరుకల వారు అనుమానితులు ఎలా అయ్యారు

ఎరుకల వారు, మన సుగాలీలు (లంబాడీలు) ఒకప్పుడు ఈ దేశానికి సరుకు మోసిన వాళ్లు. ఎరుకల వారు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్ర తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చేవారు. సుగాలీలు వేల ఎద్దుల బిడారులతో ధాన్యం, ఉప్పు దూరదేశాలకు చేర్చేవారు. రోడ్డు లేని ఊరికి కూడా వాళ్ల ఎద్దు వెళ్లేది. కరువు కాలంలో గింజ అందించింది వాళ్లే.

19వ శతాబ్దంలో ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం పెరిగింది. తర్వాత రైలు వచ్చింది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల కొండలను తొలుచుకుంటూ బెజవాడ వైపు సాగిన మీటర్ గేజి దారి ఆ శతాబ్దం ముగిసేలోపే పూర్తయింది. రైలు పెట్టె మోసే బరువు ముందు ఎద్దు వీపు ఎంత? అడవి చట్టాలు వచ్చి వెదురు, ఈత, మేత మీద కూడా ఆంక్షలు పెట్టాయి. బతుకుతెరువు పోయిన మనిషి ఊరూరా తిరుగుతూ బుట్టలల్లాడు, సోది చెప్పాడు, పందులు మేపాడు. స్థిరమైన ఇల్లు, భూమి శిస్తు లేని మనిషి ప్రభుత్వం కంటికి అనుమానితుడు. వాళ్లలో కొందరు దొంగతనాలు చేసి ఉండవచ్చు, ఏ కులంలో లేరు? కానీ కొందరి తప్పును పుట్టబోయే బిడ్డ దాకా రాసిపెట్టింది మాత్రం చట్టమే. లంబాడీలను కూడా దేశంలో కొన్ని ప్రాంతాల్లో ఈ జాబితాలో చేర్చారు. మేము తండా బిడ్డలం. ఆ జాబితాలో మా తాతల వంటి వారి పేరు కూడా ఉందని తెలియక మేము ఇంకొకరి బిడ్డ పెట్టె తెరిపించాము.

సెటిల్‌మెంట్లు

నేరస్థ జాతులుగా ముద్ర వేసిన వారిని ఒకచోట ఉంచి పని చేయించడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం వాటిలో అందరికీ తెలిసిన పేరు. 1913-14 ప్రాంతంలో ఏర్పడిన ఆ ఊరికి మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. అక్కడి వారు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలుగా వెళ్లేవారు. నెల్లూరు వైపు కావలి, బిట్రగుంటల్లో కూడా ఇటువంటివి ఉండేవి. మన వైపు ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురంలోనూ ఒక సెటిల్‌మెంటు నడిచింది. మనలో చాలామంది శ్రీశైలం బస్సులో ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. కిటికీలోంచి చూసినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

ఈ చట్టానికి చాలా ముందే మన నేల మీద ఇలాంటి ముద్ర వేయడం జరిగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ మీద తిరగబడి కోవెలకుంట్ల ఖజానా మీద దాడి చేసినప్పుడు ఆయన వెంట బోయలు, చెంచులు, వడ్డెరలు ఎందరో నడిచారు. కంపెనీ రాతల్లో వాళ్లు తిరుగుబాటుదారులు, దోపిడీదారులు. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోట దగ్గర వేలాడదీశారు. నాయకుడి పేరు జనం పాటల్లో నిలిచింది. వెంట నడిచిన కొండ మనుషుల పేర్లు చాలావరకు పోయాయి. వాళ్ల వారసులకు మాత్రం అడవిలో తిరిగే మనుషులన్న అనుమానం మిగిలింది.

ఆళ్లగడ్డ దాటి అహోబిలం వెళ్తే ఇంకో చిత్రం కనబడుతుంది. అక్కడి నరసింహస్వామి చెంచుల ఆడబిడ్డ చెంచులక్ష్మిని పెళ్లాడాడని మన పెద్దలు చెబుతారు. అంటే ఆయన చెంచుల అల్లుడు. సంక్రాంతి వెళ్లగానే స్వామి పల్లకి పారువేటకు బయలుదేరి నెలకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఊరూరా ఎదురేగి హారతి పడతారు. చెంచుల ఇంటి అల్లుడికి అంత మర్యాద. అదే చెంచు మనిషి తేనె, చింతపండు అమ్ముకోవడానికి ఊళ్లోకి వస్తే ఎన్ని గడపలు నమ్మకంగా పలకరిస్తాయి? పండుగ రోజు చేసే గౌరవం మామూలు రోజు వీధిలో కూడా చేయగలిగితే అది న్యాయం.

ముద్ర చెరిగిన తేదీలు

మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేసింది. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం గనుక మన ప్రాంతంలో ఆ ముద్ర స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోనే చట్టపరంగా తొలగింది. దేశమంతటి పరిస్థితిని పరిశీలించడానికి 1949లో ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు మన తెలుగు నేల తిరుచానూరులో పుట్టి, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ కమిటీ చట్టాన్ని పూర్తిగా తీసేయమని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల వారు విముక్తి దినంగా జరుపుకుంటారు. మన సంఘం క్యాలెండరులో కూడా ఆ తేదీ ఉండాలని మా విన్నపం.

చట్టం పోయినా దాని నీడ పోలేదు. మద్రాసులో 1948లోనే అలవాటైన నేరస్థుల చట్టం వచ్చింది. జాతి పేరు తీసేసి మనిషి పేరు పెట్టారు గానీ పోలీసు రిజిస్టరులోకి మొదట ఎక్కేది ఎవరో అందరికీ తెలుసు. జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు, సంచార, విముక్త జాతుల వారిని పుట్టుకతో నేరస్థులుగా చూసే మాటలు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అవి రాజ్యాంగ విరుద్ధమని చెప్పి కొట్టేసింది. విముక్త జాతుల వారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు కూడా చెప్పింది. 1952 నుంచి లెక్క వేస్తే 72 ఏళ్లు. ఒక మాట పుస్తకంలోంచి పోవడానికే అంత కాలం పడితే, మనసులోంచి పోవడానికి ఎంత కాలం కావాలి?

చట్టం చేయలేని పనిని మనుషులు కొంత చేశారు. గోరా గారి కుమారుడు లవణం, జాషువా గారి కుమార్తె హేమలత 1970లలో స్టూవర్టుపురం వెళ్లి ఆ జనంతో కలిసి పనిచేశారు. వాళ్ల గుమ్మంలో కూర్చున్నారు, వాళ్ల ఇంట్లో తిన్నారు, పిల్లల చదువు గురించి మాట్లాడారు. అనుమానం పోవాలంటే ముందు ఎవరో ఒకరు నమ్మాలి. ఆ మొదటి అడుగు వేయడం వాళ్ల వ్యక్తిగత గుణం. ఆ తర్వాత నలుగురూ కలిసి రావడం సమాజం బాధ్యత.

మన పెద్దల దగ్గర ఉన్న న్యాయం

కోర్టులు రాకముందే మన గూడేల్లో, తండాల్లో న్యాయం ఉండేది. తండాలో నాయక్, కారభారి, డావో కూర్చొని తగువు వింటారు. ఇద్దరి మాటా విననిదే తీర్పు చెప్పరు. తప్పు తేలితే తప్పు చేసినవాడు అందరి ముందూ ఒప్పుకోవాలి, జరిమానా కట్టాలి. కట్టాక మళ్లీ అందరితో కలిసి భోంచేస్తాడు. ఆ భోజనంతో తగువు ముగిసినట్టే.

చెంచుల దగ్గర ఇంకొకటి నేర్చుకోవాలి. కొండ చరియన తేనెపట్టు తీయడానికి మనిషి తాడు పట్టుకొని కిందికి దిగుతాడు. పైన తాడు పట్టేది బావమరిది. పొరపాటు జరిగితే తోబుట్టువు బతుకు పోతుందని అతనికి తెలుసు. కాబట్టి చెయ్యి వదలడు. కింద వేలాడేవాడు పైనున్నవాడిని నమ్మాలి, పైనున్నవాడు ఆ నమ్మకాన్ని కాపాడాలి. హాస్టల్‌లో తాడు పైకొస వార్డెన్ చేతిలో ఉంటుంది.

మన పెద్దల న్యాయంలో లోపాలు లేవని మేము చెప్పం. చాలా పంచాయతీల్లో ఆడవాళ్లు దూరంగా నిలబడి వినేవాళ్లే గానీ కూర్చొని మాట్లాడేవాళ్లు కారు. జరిమానా సొమ్ము సారాయికి పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇంటి కోడలి గోడు పరువు పేరుతో అణిగిపోయిన ఇళ్లు మాకు తెలుసు. మంచిని తీసుకుందాం, చెడును చెడు అనే చెబుదాం. మనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకొని, మనం చేసే అన్యాయాన్ని దాచుకుంటే ఆ మాటకు బలం ఉండదు.

తాళంచెవి తిరిగి ఇచ్చిన రోజు

అవ్వ వచ్చి వెళ్లిన మరునాడు పొద్దున ప్రార్థనలో మేము పిల్లలందరి ముందు నిలబడి ఆ పిల్లను పేరు పెట్టి పిలిచాము. "నీ పెట్టె తెరిపించడం మా తప్పమ్మా. ఏ కారణమూ లేకుండా నిన్ను అనుమానించాము. క్షమించు," అని చెప్పాము. పదిమంది ముందు అనుమానించి, గదిలో చాటుగా క్షమాపణ అడిగితే అది సగం న్యాయమే. పిల్ల ఏమీ అనలేదు. ఆ రాత్రి కూడా తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకో తొమ్మిది రాత్రులు తెచ్చింది. పదో రాత్రి తేలేదు. మేము అడగలేదు. అంతకు మించిన తీర్పు మాకు ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత పిల్లలతో కూర్చొని కొన్ని నియమాలు పెట్టుకున్నాము. మేము ఏ హాస్టల్‌కు బదిలీ అయినా అవే పాటిస్తున్నాము. వస్తువు పోతే ముందు ఇంటికి ఫోను చేసి కనుక్కోవాలి. వెతకాల్సి వస్తే మొదట ఆఫీసు బీరువా, వార్డెన్ గది, వంటమనిషి గది, ఆ తర్వాతే పెట్టెలు. తెరిస్తే అన్నీ తెరవాలి, ఒక్కటి తెరవకూడదు. రుజువు లేనిదే ఎవరి పేరూ నోట రాకూడదు. ఇద్దరి మాటా వినడానికి నెలనెలా మారే ఐదుగురు పిల్లల పంచాయతీ ఉంటుంది. అందులో ఏ కులం పిల్లలైనా, ఏ భాష పిల్లలైనా వంతు వచ్చినప్పుడు కూర్చుంటారు.

ఒకసారి నిజంగానే దొంగతనం జరిగింది, తేలింది కూడా. ఎవరో, ఏ ఇంటి పిల్లో మేము చెప్పం. చెబితే చదివే మీలో కొందరు "అనుకున్నాం" అంటారు, కొందరు "అయ్యో, వాళ్ల పిల్లా?" అంటారు. ఆ రెండు మాటలూ 1871 చట్టం మన నోటితో పలికించేవే. ఆ పిల్ల డబ్బు తిరిగి ఇచ్చింది, తప్పు ఒప్పుకుంది, ఆ రాత్రి అందరితో కలిసి అన్నం తింది. పదో తరగతి పాసై వెళ్లింది.

మనవి

న్యాయం కోర్టులో దొరుకుతుందని పిల్లలకు చెబుతాం. నిజమే, కావలసినప్పుడు కోర్టుకు వెళ్లాలి, మన హక్కుల చట్టాలు మనం తెలుసుకోవాలి. కానీ కోర్టు దాకా వెళ్లే తగువులు నూటికి ఒకటో రెండో. మిగిలినవన్నీ ఇంట్లో, బడిలో, బస్టాండులో, రేషన్ షాపు వరుసలో తీరుతాయి, లేదా తీరకుండా మిగిలిపోతాయి. అక్కడ న్యాయమూర్తి మనమే.

సంఘం వారికి మూడు మాటలు మనవి చేస్తున్నాము. ఆగస్టు 31న నంద్యాలలోనూ, ఆళ్లగడ్డలోనూ విముక్తి దినం జరిపి, పిల్లలకు ఈ చట్టం కథ చెప్పండి. సిద్ధాపురం వైపు ఉన్న పెద్దవాళ్ల జ్ఞాపకాలు వాళ్లు ఉండగానే రాసి పెట్టండి. రిజిస్టరులో వాళ్ల పేర్లు ఇంకెవరో రాశారు, ఈసారి మనం రాద్దాం. మన సంఘం పంచాయతీల్లో ఆడవాళ్లకు సగం కుర్చీలు ఇవ్వండి.

ఇక మా తోటి వార్డెన్లకు, టీచర్లకు ఒక్క మాట. రేపు మీ హాస్టల్‌లో ఏదైనా పోయిందని పిల్ల ఏడుస్తూ వస్తే, గదిలోకి వెళ్లిన మొదటి క్షణంలో మీ చూపు ఎటు వెళ్లిందో ఒక్కసారి గమనించుకోండి. మేము ఆ పని ఆలస్యంగా చేశాము.

జై భీమ్. జై సేవాలాల్.